లైసెన్సున్న కోడలు

“ఒక్క సంతకమేగా. అంతకు మించి నిన్నేమన్నా అడిగామా?”

నిన్నటి నుంచి నలుగుతూ, ఇవాళ కాఫీల దగ్గర మళ్ళీ మొదలైన ఈ మాట పెసరట్ల వేళకి కూడా వెంకటరత్నమ్మ నోట అరగలేదు. పెనం మీద అట్టు మాడుతోంది. ఆవిడ చూపు మాత్రం కోడలి ముఖం మీదే ఉంది.

ఇంద్రజ కాలేజీకి కట్టుకున్న చీరతో డైనింగ్ టేబుల్ పక్కన నిలబడి ఉంది. కూర్చుంటే సగం ఒప్పుకున్నట్టే అనుకుంటారని ఆమె భయం.

“నేను నడపని బండికి నేనెలా సంతకం పెడతాను అత్తయ్యా?”

“నువ్వు నడిపావని ఎవరన్నారు? నడిపానని చెప్పమంటున్నాం, అంతే.”

ఆ రెంటికీ మధ్య ఉన్న తేడా ఆవిడకి ఎంత చిన్నదో, ఇంద్రజకి అంత పెద్దది. ఈ ఇంట్లో గొడవలన్నీ ఇలాంటి కొలతల దగ్గరే వస్తాయి.

నరసింహారావు పేపరు మడిచి పక్కన పెట్టాడు. కోడలితో ఆయన ఎప్పుడూ గొంతు పెంచడు. పెంచకుండానే పని జరిపించుకోవడం చేపల కాంట్రాక్టర్ల దగ్గర నేర్చుకున్నాడు.

“చూడమ్మా ఇంద్రజా. ఆదివారం సాయంత్రం హంసలదీవి రోడ్డులో మన బండి ఆ వలలేసుకునే హనోకు సైకిల్ని గుద్దింది. అది జరిగిపోయింది, వెనక్కి తీసుకోలేం. వాడు ఇక్కడే బందరు ఆస్పత్రిలో ఉన్నాడు. కాలు విరిగింది, తలకి కుట్లు పడ్డాయి. ప్రాణానికేం భయం లేదన్నారు. నడిపింది ఆ మారిసెల్. ఇప్పుడు ఆ పిల్ల సంగతేంటో చెప్పు.”

మారిసెల్ ఫిలిప్పీన్స్ మనిషి. బంటుమిల్లి దగ్గర వీళ్ళ రొయ్యల చెరువుల్లో తెల్లమచ్చ రోగం వచ్చి, వేసిన పంటంతా పోయాక, రొయ్యల రోగాలు చూసే మనిషి కోసం ఎక్కడెక్కడో వాకబు చేసి నరసింహారావే ఆమెని పిలిపించాడు. చెరువుల మధ్య తిరగడానికి ఒక బండి కూడా ఇచ్చాడు. గుద్దింది ఆ బండే.

“పరాయి దేశం మనిషమ్మా. వాళ్ళ దేశంలో ఇచ్చిన లైసెన్సు ఒక్కటీ చూపిస్తే ఇక్కడ చాలదు. ఇంటర్నేషనల్ పర్మిట్ అని ఇంకోటి ఉండాలి. అందులో మోటార్‌సైకిల్‌కి వేరేగా ముద్రుండాలి. కారుకి మాత్రమే ముద్రుంటే టూవీలర్ ఎక్కకూడదు. ఆ పిల్లకి బండి ముద్ర లేదు.”

“లేదని ఎవరు చెప్పారు మావయ్యగారూ?”

“కళ్యాణ్ చూశాడుగా.”

ఇంద్రజ భర్త వైపు తిరిగింది. కళ్యాణ్ ఎడమ చేత్తో చెంచా పట్టుకుని ఉప్మా తింటున్నాడు. ఎండలు మండిపోతుంటే పొడుగు చేతుల చొక్కా వేసుకున్నాడు.

“చేతికేమైంది?”

“బెణికింది,” అంది వెంకటరత్నమ్మ, కొడుకు నోరు తెరవకముందే.

నరసింహారావు మళ్ళీ అందుకున్నాడు. “కేసయిందంటే ఆ పిల్ల పాస్‌పోర్టు తీసుకుంటారు. కోర్టులో తేలేదాకా కదలనివ్వరు. అక్కడ చిన్న పిల్లాణ్ణి తల్లి దగ్గర వదిలేసి వచ్చింది పాపం. మనల్నీ వదలరు. పర్మిట్ లేని మనిషికి బండెందుకిచ్చావని నన్ను బోనెక్కిస్తారు. ఇన్సూరెన్సు వాళ్ళు ఆ హనోకుకి ఇచ్చినట్టే ఇచ్చి, ఆనక నా మీద పడతారు. అదే లైసెన్సున్న మనిషి నడిపిందనుకో, మామూలు యాక్సిడెంటు. ఎవరికీ ఏమీ కాదు.”

కృష్ణ ఒడ్డున ఈ మాటకి ఆశ్చర్యపోయేవాళ్ళు లేరు. దివిసీమ నుంచి గుడివాడ దాకా ఇదో ఆనవాయితీ. గుద్దేదాకా బండి ఎవరు నడిపినా ఫర్వాలేదు. గుద్దిన మరుక్షణం నుంచి మాత్రం దాన్ని లైసెన్సున్నవాడే నడిపి ఉంటాడు. ఊరికొకరో ఇద్దరో అలాంటివాళ్ళుంటారు. చేయని తప్పులకి స్టేషన్‌కి వెళ్ళొస్తారు, అందరూ వాళ్ళని మంచివాళ్ళంటారు.

ఈ ఇంటి చిక్కేమిటంటే, టూవీలర్ లైసెన్సున్న మనిషి ఒక్క ఇంద్రజే. నరసింహారావు చెరువు గట్ల మీద బండి నేర్చుకున్నాడు. గట్టు మీద అడిగేవాడెవడు? కళ్యాణ్ కారు కొన్నప్పుడు కారు లైసెన్సు తీసుకుని, బండిది వదిలేశాడు. పదమూడేళ్ళప్పట్నుంచి తొక్కుతున్న బండికి ఇప్పుడు ఎవడో పరీక్ష పెట్టేదేమిటని అతని పౌరుషం. ఇంద్రజ తండ్రి బంగార్రాజు అలాంటి మనిషి కాదు. గుడివాడలో కూతురికి స్కూటర్ కొనిచ్చే ముందే, ఎండలో నిలబెట్టి ఎనిమిది అంకె మీద తిప్పించి, కారుకీ బండికీ కలిపి లైసెన్సు ఇప్పించాడు. పెళ్ళిచూపుల్లో ఈ మాట వచ్చినప్పుడు మగపెళ్ళివారు పడీపడీ నవ్వారు. పిల్లకి వంటొచ్చా అని అడిగితే లైసెన్సుందంటారేమిటండీ అని వెంకటరత్నమ్మే అంది. ఆ లైసెన్సుకే ఇవాళ ఇంత గౌరవం.

“ఎవరో ఒక మగాణ్ణి చూసుకోవచ్చుగా,” అంది ఇంద్రజ. “మీకు దొరక్క కాదుగా.”

కళ్యాణ్ మొదటిసారి తల ఎత్తాడు. “ఆడమనిషి నడిపిందని అక్కడందరికీ తెలిసిపోయింది ఇందూ. మగాణ్ణి చూపిస్తే నమ్మరు.”

“నాకు జూనియర్ లెక్చరర్ పోస్టుకి పోలీస్ వెరిఫికేషన్ రావాలి. అది మీకు తెలుసు. నాలుగేళ్ళు చదివి తెచ్చుకున్న ఉద్యోగం. ఇప్పుడు నా పేరు మీద కేసుంటే?”

పెనం మీద అట్టు పూర్తిగా నల్లబడి పొగ లేచాక వెంకటరత్నమ్మ స్టవ్ కట్టేసింది.

“ప్రభుత్వోద్యోగమంటే ఎక్కడో చింతూరో పాడేరో వేస్తారు. అంత దూరం పంపించాలని మాకూ లేదులే,” అంది.

అడిగేది పరాయి పిల్ల కోసం. ఆగిపోయేది తన ఉద్యోగం. ఆ ఆగిపోవడం వీళ్ళకి కష్టంగా లేదు.

గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసింది. వెనకే కళ్యాణ్ వచ్చాడు. మంచం మీద కూర్చోలేదు. కిటికీ దగ్గర నిలబడి బయట తీగ మీద ఆరేసిన బట్టలు చూస్తున్నాడు.

“నువ్వు వెనక కూర్చున్నావు కదా. ఎలా గుద్దింది ఆవిడ?”

“చెప్పాగా. సైకిల్ అడ్డమొచ్చింది.”

“నిన్న ఎదురొచ్చిందన్నావు.”

“ఎదురుగా వచ్చి అడ్డం తిరిగాడు. ఇదేమన్నా క్లాసా ఇందూ, ప్రశ్నలేస్తున్నావు?”

ఆమె అతని కుడిచేతి వైపు చూసింది. అతను ఆ చేతిని జేబులో పెట్టుకున్నాడు. పెళ్ళయిన ఈ అయిదేళ్ళలో కళ్యాణ్ అబద్ధం చెప్పినప్పుడల్లా గొంతులో విసుగు వస్తుంది. నిజం చెప్పేటప్పుడు నవ్వుతాడు. ఇప్పుడు ఎంత వెతికినా నవ్వు లేదు.

“ఒకసారి మారిసెల్‌తో మాట్లాడనీ. ఆవిడ నోటితో అడిగితే నాకూ మనసొప్పుతుంది.”

“వద్దు.” ఆ మాట మరీ తొందరగా వచ్చింది. అతనికే తెలిసింది, సర్దుకున్నాడు. “అసలే హడలిపోయి ఉంది. ఎవర్నీ చూడలేనంది. అలాగే ఆస్పత్రికీ వెళ్ళకు. వాళ్ళ వాళ్ళంతా దివిసీమ నుంచి వచ్చి ఉన్నారు, కోపం మీదున్నారు. సాయంత్రం స్టేషన్‌కి వచ్చి ఎస్సై అడిగింది చెప్పు, చాలు.”

రెండు చోట్లకి వెళ్ళొద్దన్నాడు. వెళ్ళాల్సిన చోట్లు ఆ రెండే అని ఇంద్రజకి అప్పుడే తెలిసింది.

“సరే. కాలేజీకి వెళ్ళొచ్చి సాయంత్రం వస్తాలే,” అంది.

అతను నవ్వాడు. ఆమె భుజం తట్టాడు. ఆ తట్టిన చెయ్యి కూడా ఎడమదే.

*

కాలేజీకి తలనొప్పని ఫోన్ చేసి, ఇంద్రజ స్కూటర్ పెడన మీదుగా బంటుమిల్లి వైపు తిప్పింది. రోడ్డుకి రెండు వైపులా చెరువుల్లో ఏరేటర్లు నీళ్ళు చిమ్ముతున్నాయి. మాసిన నీటి వాసన హెల్మెట్‌లోకి కూడా వస్తోంది.

దారంతా ఆమె మారిసెల్ మీద జాలిపడటానికే ప్రయత్నించింది. ఆ అమ్మాయిని రెండుసార్లు చూసింది, రెండుసార్లూ భోజనాల దగ్గరే. వంకాయ కూర కారంగా ఉంటే కళ్ళనీళ్ళు తుడుచుకుంటూనే మారు వడ్డించుకుంది. అలాంటి మనిషి భాష రాని ఊళ్ళో, పోలీసుల ముందు, పాస్‌పోర్టు లేకుండా. కాదనడానికి నోరెలా వస్తుంది? కళ్ళు తుడుచుకుంటూ ఆ అమ్మాయే అడిగితే, ఉద్యోగం సంగతి తరవాత చూసుకుందాం అనేస్తానేమోనని కూడా అనిపించింది. జాలి విషయంలో ఇంద్రజ గట్టి మనిషి కాదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

మారిసెల్ ఉండేది మేడ మీద ఒంటి గదిలో. తలుపు తీసి, ఇంద్రజని చూసి, ఒక్క క్షణం నిలబడిపోయింది. తరవాత రెండు చేతులూ చాపి గట్టిగా కౌగిలించుకుంది.

“వచ్చావా! నీకు దెబ్బలేం తగల్లేదు కదా?” అంది ఇంగ్లీషులో. ఇద్దరికీ కలిసిన భాష అదొక్కటే.

“నాకా?”

“ఆదివారం రాత్రి నుంచి నీ కోసం ప్రార్థన చేస్తూనే ఉన్నాను. ఫోన్ చేద్దామనుకుంటే కళ్యాణ్ వద్దన్నాడు. నువ్వు ఎవరితోనూ మాట్లాడటం లేదట కదా. భయపడకు ఇంద్రజా, ఎవరికైనా జరగొచ్చు. ఆయన బతికాడు, అది చాలు.”

ఇంద్రజ గడప దగ్గరే ఉంది. లోపల బల్ల మీద గాజు గొట్టాలూ, ఐస్ పెట్టెలో రొయ్య పిల్లలూ కనిపిస్తున్నాయి. వాటినే చూస్తూ అడిగింది.

“ఆదివారం బండి ఎవరు నడిపారు మారిసెల్?”

“అదేంటి? నువ్వే కదా.”

“నేనా?”

“కళ్యాణ్ మధ్యాహ్నం వచ్చి, ఒక పూటకి బండి కావాలని తీసుకెళ్ళాడు. రాత్రి ఫోన్ చేశాడు. మా ఆవిణ్ణి సముద్రం చూపించడానికి హంసలదీవి తీసుకెళ్ళాను, తిరిగొస్తుంటే కాసేపు నేను నడుపుతానంది, ఒకాయన్ని గుద్దేసింది, అని. నీకు లైసెన్సుంది కాబట్టి ఫర్వాలేదన్నాడు. పోలీసులు నన్నడిగితే ఆ పూట బండి నా దగ్గర లేదని చెప్పమన్నాడు. అది నిజమే కదా, అందుకని సరేనన్నాను.”

ఇంద్రజ లోపలికొచ్చి కుర్చీలో కూర్చుంది. మారిసెల్ మంచినీళ్ళిచ్చింది.

“నాకు చెప్పింది వేరు,” అంది. “నడిపింది నువ్వన్నారు. నీకు పర్మిట్ లేదన్నారు. నిన్ను కాపాడటానికి, నేను నడిపానని సంతకం పెట్టమన్నారు.”

మారిసెల్ ముఖంలో రంగు మారింది. ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక భయం వచ్చింది, ఆ వెనకే కోపం.

“పర్మిట్ లేదా? నాకా?” మంచం కింద పెట్టెలోంచి బూడిదరంగు పుస్తకం తీసింది. “బండికీ ముద్రుంది, కారుకీ ముద్రుంది. మా తమ్ముడు ఓడల మీద పనిచేస్తాడు. వేరే దేశంలో దిగినప్పుడు వాడి దగ్గర కారు ముద్రే ఉంది. అయినా బండి అద్దెకిచ్చారు. ఇచ్చేవాడు ఏదీ అడగడు, అడిగేది పడిపోయాకే. తుంటి విరిగి ఆస్పత్రిలో పడుంటే ఇన్సూరెన్సు వాళ్ళు ఒక్క మాటలో తేల్చేశారు, నీకు బండి నడిపే అర్హతే లేదు పొమ్మని. మా అమ్మ పొలం అమ్మింది. అందుకే నేను ఇక్కడికొచ్చే ముందు బండి పరీక్షే మొదట రాశాను. ఈ పుస్తకమూ మా దేశం లైసెన్సూ రెండూ లేకుండా నేను గేటు దాటను. కళ్యాణ్‌కి మొదటి రోజే చూపించాను.”

చూశాడు. చూసే లేదన్నాడు.

“మరి ఎందుకిలా చెప్పాడు?” అంది మారిసెల్.

ఎందుకో ఇంద్రజకి తెలుసు. తెలిసినందుకే ముఖం మండిపోతోంది. బండి లైసెన్సు తీసుకోమని ఆమె కళ్యాణ్‌ని అడగని నెల లేదు. పోయినేడు అలా అడిగీ అడిగీ విసిగి, నువ్వెప్పుడైనా ఎవర్నైనా గుద్దితే నేను మాత్రం అడ్డం రాను, గుర్తుపెట్టుకో అంది. అతను గుర్తుపెట్టుకున్నాడు. భర్త కోసమంటే ఒప్పుకోదని, పరాయి ఆడపిల్ల కోసమన్నాడు. ఆమె మంచితనం ఎటు నుంచి తలుపు తీస్తుందో అయిదేళ్ళ కాపురంలో బాగానే చూసుకున్నాడు.

“నడిపింది వాడే,” అంది తెలుగులో, తనకి తానే. మొగుణ్ణి వాడు అనడం ఆమెకి అదే మొదలు.

మారిసెల్ పుస్తకాన్నీ పాస్‌పోర్టునీ చేతిసంచిలో పెట్టుకుని, ఆ సంచిని ఒళ్ళోకి తీసుకుని, రెండు చేతులూ దాని మీద వేసి కూర్చుంది. ఇందాక కౌగిలించుకున్న మనిషి ఇప్పుడు కొంచెం వెనక్కి జరిగింది.

“ఇంద్రజా, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. నువ్వు ఇది నాకెందుకు చెప్తున్నావు?”

“అదేంటి?”

“నువ్వే గుద్ది ఉంటే, నాకు పర్మిట్ ఉందని తెలిసి, నన్ను ఒప్పుకోమనడానికి రాలేదు కదా? మీరంతా ఒక ఇంటివాళ్ళు. నేను ఒక్కదాన్ని.”

ఇంద్రజకి కోపం రాలేదు. ఆ స్థానంలో తానుంటే తనూ అదే అడిగేది. ఆ గదిలో ఆ ఇద్దరాడవాళ్ళకీ ఒకే మనిషి రెండు అబద్ధాలు చెప్పాడు. అయినా వాళ్ళు ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటున్నారు. అతను కోరుకున్నదీ అదేనేమో.

“రాలేదు. సాయంత్రం దాకా గదిలోనే ఉండు. ఎవరేం రాసుకొచ్చినా సంతకం పెట్టకు. నేనూ పెట్టను.”

మారిసెల్ తల ఊపింది. తలుపు దాకా వచ్చి సాగనంపింది. ఇంద్రజ మెట్లు దిగుతుండగానే పైన గడియ పడింది.

*

తిరుగుదారిలో పెడన దాటాక ఆమెకి ఇంకో సంగతి తట్టింది. బండి పక్కకి ఆపేసింది.

ఆదివారం నువ్వెక్కడున్నావని ఎస్సై అడిగితే ఏం చెప్పాలి? ఇంట్లోనే ఉంది. తలనొప్పితో మాత్ర వేసుకుని, ఫోన్ సైలెంట్‌లో పెట్టి, చీకటి పడేదాకా పడుకుంది. అత్తమామలు గుడివాడలో బంధువుల ఇంట అన్నప్రాసనకి వెళ్ళారు. ఎదురింటి వాళ్ళది ఎప్పుడూ తాళమే. ఆమె ఇంట్లో ఉందని చెప్పాల్సింది ఎవరు? అత్తగారు, మామగారు, మొగుడు. వాళ్ళు చూడలేదంటే, ఆదివారం పూట ఇంద్రజ ఎక్కడుందని వాళ్ళంటే అక్కడున్నట్టే.

పక్క నుంచి చేపల వ్యాను ఒకటి నీళ్ళు కారుస్తూ వెళ్ళింది. ఒకటే దారి మిగిలింది. గుద్దింది తను కాదని హనోకు చెప్పాలి. అతనికి తెలియకుండా ఎలా ఉంటుంది? ఎంత కోపంగా ఉన్నా, కాలు విరిగినవాడికి ఎవరు విరగ్గొట్టారో తెలుసుకోవాలని ఉండదా? వాళ్ళు తిట్టినా పడాలనుకుంది. కొట్టినా పడాలనుకుంది. దెబ్బతిన్న మనిషికి అబద్ధంతో పనేముంది?

ఆస్పత్రి వార్డులో మందుల వాసనా, పక్కవాళ్ళ సాంబారు వాసనా కలిసిపోయి ఉన్నాయి. చివరి మంచం మీద హనోకు నిద్రపోతున్నాడు. కాలు ఇటుకలు కట్టిన తాడుకి వేలాడుతోంది. తలకి గుడ్డ చుట్టారు. వలలు లాగిన చేతులు దుప్పటి మీద పనిలేకుండా పడి ఉన్నాయి. ఆ చేతులు చూడగానే, తను చేయకపోయినా, ఇంద్రజకి తప్పు చేసినట్టే అనిపించింది.

మంచం పక్కన చాప మీద కూర్చున్న ఆవిడ తలెత్తి చూసింది. ఇంద్రజ పేరు చెప్పుకునే లోపే లేచి నిలబడింది.

“వందనాలమ్మా. ఇంద్రజమ్మవి కదూ?”

“నన్నెలా గుర్తుపట్టారు?”

“మీ ఆయన ఫోన్లో ఫొటో చూపించాడు. నేను ఈయన భార్యని, కృపమ్మని. కూర్చో తల్లీ. నువ్వొస్తావని నాకు తెలుసు. రాకుండా ఉండలేవని ఈయనతో అన్నాను కూడా.”

కోపం మీదున్నారన్న మనుషులు వీళ్ళా? ఇంద్రజ చాప మీద కూర్చుంది. కృపమ్మ సంచిలోంచి బన్ను తీసి సగం తుంచి చేతిలో పెట్టింది. ముఖమంతా పీక్కుపోయి ఉంది. నిద్ర లేని కళ్ళు. అయినా ఆ గొంతులో ఎక్కడా కరుకు లేదు.

“మా ఆయన ఎప్పుడొచ్చాడమ్మా?”

“ఆదివారం రాత్రే. ఈయన్ని ఆటోలో ఎక్కించుకొచ్చింది ఆ బాబేగా. ఇక్కడ చేర్చి, నా కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాడు. మా ఆవిడ చేతిలో జరిగిందమ్మా, చిన్నపిల్ల మనసు, భయపడి ఇంట్లో కూర్చుంది, దాన్ని శపించకండి అన్నాడు.”

ఆదివారం రాత్రే. ఆ రాత్రి కళ్యాణ్ ఇంటికొచ్చి, చెరువు దగ్గర పనయిందని చెప్పి పడుకున్నాడు. సంతకం మాట ఇంద్రజ చెవిన పడింది నిన్న. ఆమెని అడగడానికి ముందే, ఆమె ఒప్పుకోవడం అయిపోయింది.

“మొదట నాకు మండింది. అబద్ధం చెప్పకూడదు,” అంది కృపమ్మ. “ఈయన సముద్రం మీద వేటకెళ్తేనే మాకు పొయ్యి వెలిగేది. రోడ్డున పోయే ఎవత్తో వచ్చి కాలు విరగ్గొట్టి పోయిందని తిట్టుకున్నాను. మర్నాడు మా సంఘం వాళ్ళంతా వచ్చారు. పాస్టరుగారు అన్నారు, క్షమించకుండా చేసే ప్రార్థన పైకి వెళ్ళదమ్మా అని. అప్పుడు నీ పేరు పెట్టి అందరం ప్రార్థన చేశాం. ఇంద్రజ అనే బిడ్డ తెలియక చేసింది, ఆమెని మేం క్షమించాం ప్రభువా, నువ్వూ క్షమించు అని. గట్టిగానే చేశాం. ఈ వార్డంతా విన్నారు.”

పక్క మంచం మీది ముసలాయన అవునన్నట్టు తల ఊపాడు. అవతలి మంచం ఆవిడ ఇంద్రజని చూసి, పాపం అన్నట్టు పెదవి విరిచింది.

కృపమ్మ ముందుకు వంగి ఇంద్రజ తల మీద చెయ్యి పెట్టింది. బరువైన చెయ్యి, వెచ్చగా ఉంది. కళ్ళు మూసుకుని పెదవులతో ఏదో అంటోంది. తన తల్లి పోయాక ఇంద్రజ తల మీద ఇలా చెయ్యి పెట్టినవాళ్ళు లేరు. ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం, నేనే చేశాను అనేసి ఆ చేతి కింద హాయిగా ఏడవాలనిపించింది.

“కృపమ్మగారూ,” అంది. “నేను కాదమ్మా.”

పెదవులు ఆగాయి.

“ఆ బండి నేను నడపలేదు. ఆదివారం నేను హంసలదీవే రాలేదు. ఇంట్లో పడుకుని ఉన్నాను. నడిపింది మా ఆయనే. ఆయనకి బండి లైసెన్సు లేదు. నాకుంది. అందుకని నా పేరు చెప్తున్నారు. మీ ఆయన్నే అడగండి, ఆయన చూసే ఉంటారు.”

“ఈయనేం చూశాడమ్మా? వెనక నుంచి గుద్దిందిగా. సైకిల్ మీద నుంచి పడటమే తెలుసు.”

వెనక నుంచి. ఎదురుగానూ కాదు, అడ్డంగానూ కాదు. ఇంద్రజ పట్టుకున్న ఆఖరి కొమ్మ కూడా విరిగింది.

కృపమ్మ చెయ్యి తీసేసింది. కోపంతో కాదు. కోపమైనా బాగుండేది. ఆవిడ కళ్ళల్లోకి జాలి వచ్చింది, ఇందాకటి కంటే ఎక్కువగా.

“అచ్చం ఇలాగే అన్నాడు మీ ఆయన.”

“ఏమన్నాడు?”

“నువ్వొస్తావన్నాడు. వచ్చి, నేను కాదంటావన్నాడు. నా మీదే పెడుతుందండీ, భయంతో అనే మాట అది, పట్టించుకోకండి, కోప్పడకండి అని దణ్ణం పెట్టాడు. అంత ప్రేమగా చూసుకునే మొగుడి మీద అలా చెప్పొచ్చా తల్లీ?”

ఇంద్రజ నోరు తెరిచింది. కాదు అనే మాట తప్ప ఆమె దగ్గర ఇంకేం లేదు. ఆ మాట ఆమె కంటే ముందే ఇక్కడికి వచ్చి, అబద్ధమై కూర్చుని ఉంది. ఇప్పుడు ఎన్నిసార్లు కాదంటే అన్నిసార్లు కళ్యాణ్ నిజం చెప్పినట్టవుతుంది.

చేతిలో బన్ను ముక్క నలిగిపోయింది. సంచిలో ఫోన్ మోగుతోంది. ఎవరో చూడక్కర్లేదు.

కృపమ్మ మళ్ళీ ఆమె తల మీద చెయ్యి వేసింది. ఈసారి మెల్లగా, జ్వరం వచ్చిన పిల్లని నిమిరినట్టు నిమిరింది.

“ఏం తొందర లేదమ్మా,” అంది. “మేం ఎలాగూ క్షమించేశాం. భయం తగ్గేదాకా ఇక్కడే కూర్చుని, అప్పుడే నిజం చెబుదువుగాని.”